ష వత్తు

ఆర్యా,
అని కొట్టి ఆగాను.
కలెక్టరాఫీసు గోడవార, చిరుగు గొడుగు కింద,
ముప్పైయేళ్ళుగా పేజీకి ఇంతని
ఊరి కష్టాలన్నీ ఈ మిషన్ మీదే పడ్డాయి:
పింఛను, పట్టా, సరిహద్దు తగువు,
వంతెన కింద కొట్టేసిన బడ్డీ.
ఇలాటిది పడలేదు.

ఎదురుగా పీట మీద గొల్లకోట నూకరత్నం.
ఇరవైమూడేళ్ళు. కంచరపాలెం, బర్మా క్యాంపు.
ముత్తాత రంగం వెళ్ళి మిల్లులో బియ్యంబస్తాలు మోశాడు,
తాత అక్కడి పిల్లనే చేసుకున్నాడు,
ఓడ దిగి ఇద్దరూ ఈ రేవులోనే కాలుపెట్టారు.
ఆ మామ్మ కళ్ళు, ఆ మామ్మ చెక్కిళ్ళు
ఒక తరం దాటేసి తిన్నగా ఈ పిల్లకొచ్చాయి.
"మాయమ్మకి రాలేదండి, నాకే తగిలాయి"
అంది, లాటరీ తగిలినట్టు.

బీచిరోడ్డులో హోటలు. రిసెప్షన్‌లో ఉద్యోగం.
రాతపరీక్షలో మొదటి మార్కు.
ఫోన్లో మాట్లాడిన రోజు
మీ తెలుగు ఎంత బాగుందండీ అన్నారట.
ముఖం చూసిన రోజు
మేనేజరు ఫైలు మూసి హిందీలోకి దిగాడు.
"నానేటన్నానో తెలుసా?
బాబూ, నాకు హిందీ అంతంతమాత్రం,
తెలుగులోనే అడగండన్నాను."
ఆధార్ కార్డుని వెలుతురుకెత్తి చూశాడట,
దొంగనోటు చూసినట్టు.
"వచ్చేవాళ్ళకి ఎదురుగా మనూరి ముఖం కనబడాలమ్మా,
ఏమీ అనుకోకు. కింద మసాజు సెక్షన్లో ఖాళీ ఉంది,
అక్కడైతే నీ ముఖం కలిసొస్తుంది."

కలిసొస్తుంది.
ఆ మాట కొట్టడానికి
నాలుగు వేళ్ళూ మొరాయించాయి.

వాళ్ళ మామ్మ రోజూ పొద్దున్నే
రాతి మీద చెక్క అరగదీసి
చెంపలకి పూసుకునేదట, చల్లగా, పచ్చగా.
దాని పేరు తనఖా.
నవ్వబోయాను. నా బల్ల దగ్గర తనఖా అంటే
ఇల్లు, పుస్తె, రెండెకరాల జీడితోట.
తర్వాత నవ్వు రాలేదు.
ఎవరి అప్పుకి, ఏ వడ్డీకి
తాకట్టులో ఉందీ ముఖం?

చెయ్యి అలవాటున కొట్టేసింది:
కావున తమరు దయతలచి
"అది తీసేయండి."
ఏది?
"దయ."
ఆ మాట లేకుండా
ఒక్క కాగితం లోపలికి పోలేదమ్మా, అన్నాను.
"పోయినవి బయటికొచ్చాయేటి?" అంది.

కాగితం లాగేసి కొత్తది ఎక్కించాను.
ఈమె నూకాలమ్మ పేరు పెట్టుకున్న పిల్ల,
హుద్‌హుద్ నాడు ఎగిరిన రేకుల్లో
ఈమె ఇంటి రేకులూ ఉన్నాయి,
గాలి ఎవరి ముఖమూ చూడలేదు,
అని ఊపుమీద కొట్టుకుపోతున్నాను.
మళ్ళీ ఆపింది.
"అదీ వద్దండి.
నిన్న సాయంత్రం రైలు దిగినదాన్నయినా
మొదటి మార్కు మొదటి మార్కే కదా."

కాసేపు ఇద్దరం
జగదాంబవైపు పోతున్న బస్సుల్ని చూశాం.

చివరికి ఆరు వాక్యాలు మిగిలాయి.
పరీక్ష. మార్కు. తేదీ. అతను అన్న మాట, అన్నట్టే.
ఇది వివక్ష. జవాబు కావాలి.
నా మిషన్‌లో ష వత్తు ఎప్పుడో అరిగిపోయింది,
పరీక కొట్టింది, వివక కొట్టింది.
పెన్ను తీసి తనే పెట్టింది వత్తులు,
నల్ల అక్షరాల కింద నీలంగా,
ఇస్కూల్లో పంతులమ్మలా.

డబ్బులొద్దన్నాను.
"దయా?" అంది. తీసుకున్నాను.

సోమవారం. గేటు దగ్గర జవాను
ఆమెని ఎగాదిగా చూసి, కహాఁసే? అన్నాడు.
"కంచరపాలెం బాబూ. తోవియ్యి."

అతను నావైపు తిరిగాడు, నిజమేనా అన్నట్టు.
ముప్పైయేళ్ళలో మొదటిసారి
మిషన్ మీద గుడ్డ కప్పి లేచాను.
నన్నడక్కు, చెప్పింది కదా ఆమె, అన్నాను.
నా జేబులో రెండో కాపీ,
దాని అడుగున సాకి,
పక్కన నా సంతకం.
వత్తు పెట్టడం మరిచిపోయాం.